ఊరికో పేరు, ఒకటే గొంతు

ఎన్నికల ప్రచారం మొదలైనప్పటి నుంచీ నజీహాకు పనల్లా రేడియో వినడమే. ట్యూనిస్‌లోని ప్రసారాల మండలి మేడ మీద కూర్చుని, ఏ అభ్యర్థి గురించి ఏ స్టేషన్ ఎంతసేపు మాట్లాడిందో లెక్క కట్టాలి. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ దక్కితే మండలి ఊరుకోదు. మామూలు శ్రోతలు ఫోన్ చేసి తమకు తోచింది చెప్పుకుంటే మాత్రం అది ఆ లెక్కలోకి రాదు.

ఆ సందులోంచే ఆమెకు ఒక గొంతు దొరికింది. ఫనార్ రేడియోలో మధ్యాహ్నం వచ్చే వంటింటి కార్యక్రమానికి బేజా నుంచి మహ్బూబా అనే రైతు భార్య, గాబెస్ నుంచి సలూహా అనే వితంతువు, కైరవాన్ నుంచి తివాచీలు నేసే ఓ ముసలమ్మ ఫోన్ చేస్తుంటారు. ఊళ్ళు వేరు, యాసలు వేరు, వయసులు వేరు. కానీ పేరు చెప్పబోయే ముందు ముగ్గురూ ముక్కుతో ఒకేలాంటి చిన్న ఊపిరి తీస్తారు. ఈమధ్య ముగ్గురికీ బూజయ్యాన్ అనే అభ్యర్థి మీద ఒకేసారి అభిమానం పుట్టుకొచ్చింది కూడా.

"ఆడవాళ్ళన్నాక ఊపిరి తీసుకోరామ్మా? తీసుకోకపోతే చస్తారు" అని, అందరూ గౌరవంగా సీ ముంజీ అని పిలిచే పై అధికారి నవ్వేశాడు. ఆపైన, సాయంత్రం నివేదిక పంపేలోగా రుజువు తెస్తే చూద్దామన్నాడు. నజీహా పాత రేడియో నాటకాల టేపులు తవ్వి తీసింది. వాటిలో ఆ ఊపిరి ఎవరిదో దొరికింది. ముఫీదా. ఒకప్పుడు ఆవిడ నాటకం వస్తుందంటే వీధుల్లో జనం పలచబడేవాళ్ళు.

వినేవాళ్ళు తాము వింటున్నవాళ్ళను కలవకూడదని మండలి నియమం. అయినా ఇప్పుడు, మధ్యాహ్నం ఎండలో, నజీహా బాబ్ సువీకా సందుల్లో ఆ ముఫీదా తలుపు తడుతోంది.

తలుపు తీసినావిడకు అరవై దాటి ఉంటాయి. ముంజేతుల దాకా చేపల పొలుసులు అంటుకుని ఉన్నాయి. కుడిచేతిలో కత్తి.

"ఏం కావాలమ్మాయ్?" అంది. బొంగురు గొంతు, అలసిపోయిన గొంతు. సందులో దానిమ్మపళ్ళు అమ్మే మనిషిది కూడా ఇంతకంటే వినసొంపుగా ఉంది.

తప్పు ఇంటికి వచ్చానేమో అనుకుంది నజీహా. నీళ్ళ మీటరు చూడ్డానికి వచ్చానని చెబుదామని దారంతా అనుకుంటూ వచ్చింది కానీ, ఆ అబద్ధం నోట్లోంచి రాలేదు.

"బేజా నుంచి మహ్బూబా గారు ఉన్నారా?"

ఆవిడ ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత ముఖం లోపలికి తిప్పి గట్టిగా కేకేసింది.

"ఒసే మహ్బూబా! నీకోసం ఎవరో వచ్చారే!"

"ఆవుకు మేతేస్తన్నా! కూసోమని సెప్పండి లల్లా!" అని, ముందు ముక్కుతో చిన్న ఊపిరి తీసి, పెరట్లోంచి ఒక పల్లెటూరి గొంతు బదులిచ్చింది.

నజీహా అప్రయత్నంగా ఆవిడ భుజం మీదుగా తొంగి చూసింది. లోపల చిన్న వసారా, నీళ్ళ తొట్టి, తాడు మీద ఆరేసిన రెండు దుప్పట్లు. ఆవు లేదు. మనిషి లేదు. పెరడే లేదు.

ముఫీదా కత్తి పట్టుకునే నడుం వంచి నవ్వింది. "తెలిసి తెలిసీ తొంగి చూశావు చూడు! అదీ! ఏ స్టేషన్ పిల్లవి నువ్వు?"

"స్టేషన్ కాదు లల్లా. ప్రసారాల మండలి." పెద్దావిడలను గౌరవంగా పిలిచే మాటే వాడింది నజీహా.

నవ్వు అక్కడే ఆగిపోయింది. తలుపు సగం ముందుకు వచ్చింది.

"పోలీసా?"

"అయ్యో, కాదు. మేం వింటామంతే."

"వెనకటికి మా ఇళ్ళల్లో ఫోన్లు దొంగతనంగా విన్నవాళ్ళు కూడా అదే అనేవాళ్ళు. వింటామంతే. మా ఆయన తమ్ముణ్ణి తీసుకెళ్ళిన రోజున కూడా అదే అన్నారు."

"వాళ్ళు ఇంట్లో గుసగుసలు విన్నారు. మేం ఊరంతా వినేదే వింటాం."

"తేడా ఏముందిలే. వెళ్ళు, నా చేపలు పాడైపోతాయి."

తలుపు మూసుకుపోతుంటే నజీహా అడ్డంగా చెయ్యి పెట్టింది. "ఒక్కటి చెప్పండి చాలు, వెళ్ళిపోతాను. యాస మార్చారు. వయసు మార్చారు. దగ్గు కూడా మార్చారు, సలూహాది పొడిదగ్గు, ముసలమ్మది కఫం దగ్గు. మరి ఊపిరి ఒక్కటీ ఎందుకు మార్చలేదు?"

తలుపు ఆగింది. "ఏ ఊపిరి?"

నజీహా ముక్కుతో సన్నగా గాలి పీల్చి చూపించింది. గుడ్డలోంచి దారం లాగినట్టు చిన్న చప్పుడు.

ముఫీదా ముఖంలో భయం పోయి ఇంకేదో వచ్చింది. తన దుకాణంలో దొంగసరుకు ఎవరో చూపిస్తే వర్తకుడి ముఖం అలాగే ఉంటుంది. "నేను అలా చేస్తానా? ఎప్పుడూ?"

"నాటకంలో జిన్నీగా చేసినప్పుడూ ఉంది. పెళ్ళికూతురుగా చేసినప్పుడూ ఉంది."

"ఇన్నేళ్ళలో ఒక్క డైరెక్టరు వెధవ చెప్పలేదే!" అంది ముఫీదా, నిజంగా నొచ్చుకుని. తర్వాత తలుపు బార్లా తీసింది. "చెప్పులు అక్కడ విడువు. టీ పెడతాను. తాగి, ఏం రాసుకుంటావో రాసుకో."

చేతులు కడుక్కుని, నిమ్మచెక్కతో రుద్దుకుని వచ్చింది. పుదీనా టీలో పైన్ గింజలు వేసి గాజు గ్లాసుల్లో పోసింది. గోడవారగా చెక్క రేడియో ఒకటి సన్నగా మోగుతోంది. ఏదో పాత పాట.

"నాటకాలు ఆపేశాక మమ్మల్నందర్నీ ఇంటికి పంపించారు," అని ముఫీదా మొదలుపెట్టింది. "నా ముఖం ఎవరికి తెలుసు? టీవీకి పనికిరాను. గొంతు పట్టుకుని బజారుకెళితే ఉల్లిపాయలవాడు కూడా బేరం తగ్గించడు. అట్లాంటి రోజుల్లో లస్సాద్ వచ్చాడు."

ఫనార్ రేడియో నడిపేదీ, మధ్యాహ్నం వంటింటి కార్యక్రమంలో మాట్లాడేదీ లస్సాదే. నజీహాకు ఆ గొంతు తెలుసు. తేనె పూసిన గొంతు.

"కొత్తగా స్టేషన్ పెట్టాడు. ఎవరూ వినడం లేదు. ఆ సర్వే వాళ్ళు ఉంటారే, ఇళ్ళకు ఫోన్ చేసి నిన్న ఏ రేడియో విన్నారని అడిగేవాళ్ళు, వాళ్ళకు ఒక్కరైనా ఫనార్ పేరు చెప్పరు. పేరు చెప్పకపోతే ప్రకటనలు రావు. ప్రకటనలు రాకపోతే దుకాణం బంద్. రోజూ నంబరు చెబుతాడు, చెబుతాడు, చెబుతాడు. ఫోన్ మోగదు. పాపం, ఇక్కడే, నువ్వు కూర్చున్న చోటే కూర్చుని ఏడ్చాడు. పిన్నీ, ఒక్క ఫోన్ చెయ్యి, ఒక్కటి మోగితే చాలు, వెనక నాలుగు మోగుతాయి అన్నాడు."

"మీరు చేశారు."

"బేజా నుంచి మహ్బూబాను మాట్లాడుతున్నా తమ్ముడూ, నా కుస్కుస్ రవ్వ ముద్దయిపోతోంది, ఏం చెయ్యను? అని అడిగా. అంతే." ముఫీదా గ్లాసు కింద పెట్టింది. "నువ్వు నమ్మవు. పది మంది ఆడవాళ్ళు ఫోన్ చేశారు. నిజం ఆడవాళ్ళు! నూనె రాయమని ఒకావిడ, రెండుసార్లు ఆవిరి పట్టమని ఒకావిడ. రెండుసార్లు కాదు మూడుసార్లని ఇంకొకావిడ పోట్లాటకొచ్చింది. వాళ్ళిద్దర్నీ కలిపి మాట్లాడించాడు లస్సాద్. ఊరు ఊరంతా విరగబడి వింది. ఆ తర్వాత మహ్బూబాకు మనవడు పుట్టాడని చెప్పానా, ఎల్‌కెఫ్ నుంచి ఎవరో మహాతల్లి ఉన్ని మేజోళ్ళు అల్లి స్టేషన్‌కు పంపింది. ఇంత చిన్నవి. నా అబద్ధానికి కాళ్ళు లేవు, వాటికి మేజోళ్ళు వచ్చాయి."

"ఏం చేశారు వాటిని?"

"ఏం చేస్తాను? కింద వీధిలో పురుడు పోసుకున్న పిల్లకిచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు మళ్ళీ ఫోన్ చేశాను." ముఫీదా నవ్వబోయి మానేసింది. "అలవాటైపోయింది అమ్మాయ్. ఒంటరిగా ఉన్నవాళ్ళు అవతల ఎంతమంది ఉన్నారో నీకు తెలియదు. మహ్బూబాకు చెప్పుకోవడానికే ఫోన్ చేసేవాళ్ళు."

నజీహాకు ఆ మాటలు అక్కడితో ఆగిపోతే బాగుండుననిపించింది. కానీ అడగాల్సింది అడగక తప్పదు.

"మరి బూజయ్యాన్ సంగతేమిటి?"

ముఫీదా ముఖం గట్టిపడింది. "ఆ పేరు నా నోట రాలేదు."

"లల్లా..."

"రాలేదన్నానా! పండక్కి పొట్టేలు పట్టుకొచ్చాడు లస్సాద్. వెనకాలే ఆ పేరూ పట్టుకొచ్చాడు. ఒక్క మాట పిన్నీ, మహ్బూబా ఆయనకే ఓటేస్తానంటే చాలు, దేశంలో ఆడవాళ్ళు సగం మంది వేస్తారు అన్నాడు. పొట్టేలును తోలుకుని పొమ్మన్నాను. మహ్బూబాకు ఓటు లేదురా, ఓటు లేనిది ఓటెయ్యమని చెప్పకూడదు అన్నాను. ఆ రోజు నుంచి నేను ఫోన్ ముట్టుకోలేదు. రేడియో పెట్టినా ఆ కార్యక్రమం రాగానే కట్టేస్తాను."

నజీహా సంచిలోంచి ఫోన్ తీసింది. గత వారం రికార్డు చేసుకున్న ముక్క వినిపించింది. బేజా యాస గదిలో గలగలలాడింది. "ఏం చెప్పమంటావు తమ్ముడూ, మా బాయిలో నీళ్ళు ఎండి ఎన్నేళ్ళయిందో! ఆ బూజయ్యాన్ బాబు వస్తేనే మా బాయి నిండుతుంది. నేను, నా కోడళ్ళు, మా వాడంతా ఆయన వైపే!"

ముఫీదా తల కొంచెం పక్కకు వంచి వింది. మళ్ళీ పెట్టమంది. రెండోసారి వింటుంటే ఆమె చెయ్యి టీ గ్లాసు చుట్టూ బిగుసుకోవడం నజీహా చూసింది. మూడోసారి పెట్టబోతే వద్దని చెయ్యెత్తింది.

ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. తర్వాత ముక్కుతో సన్నగా ఊపిరి పీల్చింది.

"అవును. నేనే. రాసుకో. ముసలిదాన్ని, మర్చిపోయాను."

నజీహా రాసుకోలేదు. ఆమె చెవులు నిక్కబొడుచుకున్నాయి. తలుపు తీసినప్పటి నుంచి ఇప్పటిదాకా ఈవిడ ఎంత మాట్లాడింది! నాటకాల గురించి, లస్సాద్ గురించి, మేజోళ్ళ గురించి. ఆ మాటల్లో ఎక్కడా ఆ ఊపిరి లేదు. పెరట్లోంచి మహ్బూబా పలికినప్పుడు ఒకసారి, ఇప్పుడు ఒకసారి. అంటే పేరు చెప్పే ముందు వచ్చే అలవాటు కాదది. వేషం కట్టే ముందు వచ్చేది.

"మీరు ఇప్పుడు నటించారు లల్లా."

"ఏమిటీ?"

"రాలేదని చెప్పినప్పుడు మామూలుగా చెప్పారు. నేనే అన్నప్పుడు నటించారు. ఈ రికార్డులోది మీ గొంతు కాదు. ఎవరిదో మీకు తెలుసు."

"నీకు పిచ్చి పట్టిందా? నాలుగు టేపులు వినగానే నా గొంతు నాకంటే నీకు తెలుసా?" ముఫీదా లేచి నిలబడింది. "ఒప్పుకున్నాను కదా, ఇంకేం కావాలి? మీ వాళ్ళకు ఓ పేరు కావాలి, ఇచ్చాను. తీసుకుని పో!"

అంతలో పాట అయిపోయింది. తప్పెట చప్పుడుతో ఫనార్ రేడియో మధ్యాహ్నపు కార్యక్రమం మొదలైంది. ముఫీదా గబగబా రెండడుగులు వేసి మీట తిప్పబోయింది. నజీహా ఆమె మణికట్టు పట్టుకుంది. పెద్దావిడ చెయ్యి అలా పట్టుకోవడం మర్యాద కాదని తెలిసీ వదల్లేదు.

"వినండి. ఒక్క నిమిషం."

"వద్దమ్మా..."

"స్వాగతం, స్వాగతం, ఫనార్ కుటుంబానికి స్వాగతం!" తేనె పూసిన గొంతు. "ఓహో, మొదటి ఫోనే మన బంగారు తల్లిది! చెప్పండి మహ్బూబమ్మా, బేజాలో వాన పడిందా?"

"నువ్వు నవ్వితే పడుద్దిలే తమ్ముడూ!"

ముఫీదా గ్లాసు బల్ల మీదే ఉంది. ముఫీదా పెదవులు మూసుకునే ఉన్నాయి. మహ్బూబా మాత్రం రేడియోలో పకపకా నవ్వుతోంది. నజీహా ఇన్నాళ్ళూ ముగ్గురినీ ఒకరే అనుకుంది. ఆ ఒకరు ఇద్దరని తోచలేదు. వినగా వినగా తేడా తెలుస్తోంది. ఊపిరి ఉంది, కానీ కాస్త ఎక్కువగా ఉంది. చూసి నేర్చుకున్నది.

"ఎవరు?" అని అడిగింది మెల్లగా.

ముఫీదా దిండు మీద కూలబడింది. ఇప్పుడు ఆమె గొంతులో ఎవరి వేషమూ లేదు.

"ఖులూద్. నా కూతురు."

రేడియోలో మహ్బూబా ఆలివ్ పళ్ళ ఊరగాయ గురించి చెబుతోంది.

"స్టేషన్‌లో ఫోన్లు ఎత్తే ఉద్యోగం ఇచ్చాడు లస్సాద్. నేను మానేసిన వారానికే. నా మీద కోపం లేదని చూపించుకుంటున్నాడనుకున్నాను. చిన్నప్పుడు నేను వంటింట్లో నాటకం మాటలు చెప్పుకుంటుంటే వెనక నిలబడి నన్ను అనుకరించేది. మా ఆయన ఏ గదిలోంచి ఎవరు పిలుస్తున్నారో తెలియక తికమక పడేవాడు. నాకేం ముచ్చటో!" ముఫీదా కళ్ళు తుడుచుకుంది. "దానికి మైకు ముందు కుర్చీ కావాలి. సొంత కార్యక్రమం కావాలి. ఎన్నికలవగానే ఇస్తానని ఉంటాడు. ఇంకేం ఇవ్వగలడు వాడు?"

నజీహాకు సీ ముంజీ గుర్తొచ్చాడు. సాయంత్రం నివేదికలో ఈ సంగతి రాస్తే మండలి స్టేషన్‌కు తాళం వెయ్యొచ్చు. డబ్బు తీసుకుని శ్రోత వేషం వేసిన మనిషి పేరు పత్రికల్లోకి ఎక్కుతుంది. ఇరవై నాలుగేళ్ళో, పాతికేళ్ళో ఉండే పిల్ల. మళ్ళీ ఏ స్టేషన్ గుమ్మమూ తొక్కనివ్వరు. రాయకపోతే, బావులెండిన ఊళ్ళల్లో ఆడవాళ్ళు మహ్బూబా మాట నమ్మి వెళ్ళి ఓటేస్తారు. మేజోళ్ళు అల్లి పంపినావిడ కూడా వేస్తుంది.

"నేను రాయాలి లల్లా" అంది. ఆ మాట చెప్పడానికి ఆమెకు చాలా కష్టమైంది.

"రాయాలి," అంది ముఫీదా. "నా పేరు రాయి. ముసలిదాన్ని, నాకేం పోతుంది?"

"అది అబద్ధం. నేను అబద్ధం వింటే పట్టుకునే ఉద్యోగంలో ఉన్నాను. రాసే ఉద్యోగంలో లేను."

"నీకు తల్లి లేదా?"

"ఉంది. మీ మహ్బూబా కోసం రోజూ రేడియో పెట్టుకుంటుంది."

ముఫీదా తలెత్తి ఆమెను చూసింది. రేడియోలో ఊరగాయ అయిపోయింది. "ఉప్పు సంగతి సరే తమ్ముడూ, ఉప్పు కొనుక్కునే రోజులు రావాలంటే ఏం చెయ్యాలో చెప్పనా..." అని మహ్బూబా అప్పుడే అందుకుంది.

ముఫీదా లేచింది. గోడకున్న ఫోన్ దగ్గరికి వెళ్ళి, చూడకుండానే నంబరు నొక్కింది. అవతల ఎవరో ఎత్తారు.

"మహ్బూబమ్మకు జవాబు చెబుదామని ఫోన్ చేశాను బాబూ. సూస్ నుంచి. ఉప్పు గురించే. కలపండి, ఇద్దరం మాట్లాడుకుంటాం." ముసలి నేతగత్తె గొంతు, కఫం దగ్గుతో సహా; ఊరొక్కటే మార్చింది. రిసీవరుకు చెయ్యడ్డం పెట్టి నజీహాతో అంది. "ఇద్దరు ఆడవాళ్ళు పోట్లాడుకుంటారంటే లస్సాద్ వదులుకోడు."

"ఏం చెప్పబోతున్నారు?"

"తెలియదు. ఇంతవరకూ వేరే మనిషిగానే మాట్లాడాను."

"ఆగు ఆగు మహ్బూబమ్మా," అంది రేడియోలో లస్సాద్ గొంతు ఉత్సాహంగా, "నీతో మాట్లాడ్డానికి సూస్ నుంచి ఒక పెద్దావిడ ఉన్నారు. చెప్పండమ్మా! ముందు మీ ఇంట్లో రేడియో కాస్త తగ్గించండి, చప్పుడు తిరిగి మోగుతోంది."

నజీహా రేడియో సన్నగా తగ్గించి, చెక్కకు చెవి ఆనించి మోకాళ్ళ మీద కూర్చుంది.

"పేరేమిటమ్మా?"

"ముఫీదా" అంది ముఫీదా.

ఆ పేరు గదిలో ఒకసారి వినబడింది. మరుక్షణం రేడియోలోంచి రెండోసారి వినబడింది.

"ఏ ముఫీదా?" లస్సాద్ గొంతులో తేనె పలచబడింది.

"నీకు తెలుసు నాయనా. మీ ఇళ్ళల్లో వింటున్నవాళ్ళలో కొందరికి కూడా గుర్తుండొచ్చు. నాటకాల ముఫీదాను. బేజాలో మహ్బూబా అనే మనిషి లేదమ్మా. ఆమెను నేనే పుట్టించాను. మనవడు కూడా లేడు. మేజోళ్ళు పంపిన తల్లీ, నువ్వెవరో నాకు తెలియదు, నీ కాళ్ళు పట్టుకుంటున్నాను. మీకు కుస్కుస్ చెప్పింది నేను. కానీ ఓటు చెప్పింది..."

ఆమె ఆగిపోయింది. తర్వాతి మాట ఒక్కటే. ఆ మాట అంటే కూతురి పేరు దేశమంతా వింటుంది. నజీహా లేచి ఫోన్ పెట్టెయ్యమని చెప్పాలనుకుంది, చెప్పొద్దనుకుంది, రెండూ చెయ్యలేక రేడియోను రెండు చేతులా పట్టుకుంది.

లస్సాద్ లైను కత్తిరిస్తాడనుకుంది. పాట వేస్తాడనుకుంది. ఏమీ జరగలేదు. ఏ స్టేషనూ భరించలేని నిశ్శబ్దం ఒకటి ఆ చెక్కపెట్టెలోంచి వచ్చింది.

ఆ నిశ్శబ్దంలోంచి, బేజా యాస లేకుండా, ముసలి వణుకు లేకుండా, చిన్నపిల్ల గొంతు ఒకటి వినిపించింది.

"అమ్మా?"